అమ్మమ్మ వాళ్లమ్మ ఎవరు? తల్లి తరఫు డీఎన్‌ఏ మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో కొలంబియా దేశంలోని ఆంటియోకియా ప్రాంతం గురించి ఒక పేరా రాశాను. అక్కడి జనంలో తల్లి నుంచి పిల్లలకి దిగే డీఎన్‌ఏ చూస్తే దాదాపు 90 శాతం అమెరికా మూలవాసులదే, తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే వై క్రోమోజోమ్ చూస్తే మాత్రం 94 శాతం యూరప్‌ది అని 2000లో వచ్చిన ఒక పరిశోధన తేల్చిందని రాశాను. ఆ ఒక్క పేరాకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. కొన్నిటికి చాలా పొడుగ్గా రాశాను, కొన్నిటికి రెండు ముక్కల్లో చెప్పాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్, ఆ ఆంటియోకియా లెక్క నా బుర్రకెక్కలేదు. మనిషికి సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తుంది కదా. మరి అదే జనం తల్లుల వైపు 90 శాతం ఒకరూ, తండ్రుల వైపు 94 శాతం ఇంకొకరూ ఎలా అవుతారు? (ఒక లెక్కల టీచరు)

జవాబు: లెక్కల టీచరు అన్నారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. మీకు అమ్మా నాన్నా ఇద్దరు, వాళ్ల అమ్మానాన్నలు నలుగురు, ఆ పైన ఎనిమిది మంది. అలా పది తరాలు వెనక్కి వెళ్తే 1,024 మంది. మీ కణాల కేంద్రకంలో ఉన్న 300 కోట్ల అక్షరాల డీఎన్‌ఏ వీళ్లలో చాలామంది నుంచి ముక్కలు ముక్కలుగా కలిసి మీదాకా వచ్చింది. అయితే కేంద్రకం బయట మైటోకాండ్రియా అని చిన్న చిన్న భాగాలుంటాయి, కణానికి కావలసిన శక్తిని తయారుచేసేవి అవే. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది. గుండ్రంగా గాజులా ఉంటుంది, మొత్తం 16,569 అక్షరాలు, 37 జన్యువులు, అంతే. అది అండంతో పాటే వస్తుంది. వీర్యకణంతో వచ్చిన కొద్దిపాటి మైటోకాండ్రియాని అండం గుర్తుపట్టి నాశనం చేసేస్తుంది. కాబట్టి ఆ 1,024 మందిలో మీ మైటోకాండ్రియా వచ్చింది ఒకే ఒక్క ఆవిడ నుంచి: మీ అమ్మ, వాళ్లమ్మ, వాళ్లమ్మ అని ఎక్కుతూ పోతే పదో మెట్టు మీద నిలబడి ఉన్న ఆవిడ. మగవాళ్లలో వై క్రోమోజోమ్ కూడా అంతే, నాన్న, వాళ్ల నాన్న అని ఒక్క గీత మీదే వస్తుంది. మిగతా 1,022 మంది గురించి ఈ రెండు పరీక్షలూ ఒక్క మాట కూడా చెప్పవు.

ఇప్పుడు ఆంటియోకియాకి వద్దాం. స్పెయిన్ నుంచి వలస వచ్చిన మొదటి దశాబ్దాల్లో ఆడవాళ్లు పదో వంతు కూడా లేరు. వచ్చిన మగవాళ్లకి మూలవాసి స్త్రీల వల్ల పిల్లలు పుట్టారు. వాళ్లలో కొందరు పెళ్లి చేసుకున్నారు, చాలామంది చేసుకోలేదు, ఎంతమంది విషయంలో బలవంతం జరిగిందో ఆ కాలపు కాగితాల్లో ఉన్నదాన్ని బట్టే గుండె బరువెక్కుతుంది. అలా పుట్టిన కూతురు పెద్దదయ్యాక మళ్లీ యూరప్ నుంచి వచ్చిన మగవాడితోనో, అతని కొడుకుతోనో పిల్లల్ని కంది. ఆ కూతురిలో మూలవాసుల వాటా సగం, మనవరాలిలో పావు, ఆ తర్వాతి తరంలో ఎనిమిదో వంతు. ఇంకో రెండు తరాలకి ముప్ఫై రెండో వంతు. కేంద్రకంలో ఉన్న డీఎన్‌ఏ కథ ఇది, తరతరానికీ పలచబడుతూ పోతుంది. మైటోకాండ్రియా మాత్రం పలచబడదు. ఆ మొదటి ఆవిడ దగ్గర ఏదుందో అదే, అక్షరం తేడా లేకుండానో ఒకటి రెండు అక్షరాల తేడాతోనో ఈనాటి మనిషిలో ఉంటుంది. అందుకే ఆంటియోకియా మనిషి మొత్తం డీఎన్‌ఏ చూస్తే యూరప్ వాటాయే ఎక్కువ, తల్లి గీత చూస్తే మూలవాసి. రెండూ నిజమే.

ఇది ఆ ఒక్క చోటే కాదు. 2000లోనే బ్రెజిల్‌లో తమని తాము తెల్లవాళ్లమని చెప్పుకున్న వాళ్ల మైటోకాండ్రియా చూశారు. 39 శాతం యూరప్‌ది, 33 శాతం మూలవాసులది, 28 శాతం ఆఫ్రికాది అని తేలింది. అంటే ప్రతి ఐదుగురు తెల్లవాళ్లలో ముగ్గురికి ఆ పై మెట్టు మీద ఉన్న ఆవిడ తెల్లావిడ కాదు. తండ్రుల గీత చూస్తే దాదాపు అంతా యూరప్. ప్యూర్టోరికోలో తల్లి గీతల్లో 61 శాతం మూలవాసులవి, 27 శాతం ఆఫ్రికావి, మిగిలిన కాస్త యూరప్‌ది. మొత్తం డీఎన్‌ఏలో మూలవాసుల వాటా మాత్రం సుమారు 15 శాతమే. గ్రీన్‌లాండ్‌లో ఇంకా తీవ్రంగా ఉంది. అక్కడి ఇన్యూట్ జనంలో వై క్రోమోజోముల్లో సగానికి పైగా యూరప్‌వి, పరీక్షించిన మైటోకాండ్రియాలో యూరప్‌ది ఒక్కటీ లేదు.

ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ ఆడవాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ లేవు. ఎవరూ రాయలేదు. కోట్లమంది ఒంట్లో ఉన్న ఆ 16,569 అక్షరాలే వాళ్లు బతికారనడానికి మిగిలిన రికార్డు.

ప్రశ్న: నేను మగవాణ్ని. మా అమ్మ మైటోకాండ్రియా నాకు ఉందా? మా పిల్లలకి వెళ్తుందా?

జవాబు: మీకు ఉంది. మీ పిల్లలకి వెళ్లదు, వాళ్లకి మీ ఆవిడది వస్తుంది. మీకు చెల్లెలు ఉంటే ఆవిడ పిల్లలకి వెళ్తుంది.

ప్రశ్న: తల్లి గీతల్ని గుంపులుగా విడదీసి ఏ, బీ, సీ, డీ, ఎక్స్ అంటారు కదా, ఈ పేర్లు ఎవరు పెట్టారు? మనిషి పుట్టింది ఆఫ్రికాలో అంటారు, మరి అక్షరాలు ఆఫ్రికాతో మొదలవ్వాలి కదా? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: మంచి ప్రశ్నమ్మా, నేనూ మొదట్లో ఇక్కడే తికమకపడ్డాను. పేర్లు వంశక్రమాన్ని బట్టి పెట్టలేదు, పరిశోధన జరిగిన వరుసలో పెట్టారు. 1990ల మొదట్లో జన్యు శాస్త్రవేత్త డగ్లస్ వాలెస్ బృందం అమెరికా మూలవాసుల్ని పరిశీలించినప్పుడు వాళ్ల తల్లి గీతలన్నీ నాలుగు పెద్ద గుంపుల్లో పడ్డాయి. వాటికి ఏ, బీ, సీ, డీ అని పెట్టుకున్నారు. ఈ గుంపుల్నే హాప్లోగ్రూపులంటాం. అంటే ఒక పూర్వపు తల్లి దగ్గర ఏర్పడిన మార్పుల్ని అలాగే మోసుకొస్తున్న వాళ్లందరూ ఒక గుంపు. తర్వాత ఎక్స్ అని ఐదోది దొరికింది, అది ఎక్కువగా ఉత్తర అమెరికాలో గ్రేట్ లేక్స్ చుట్టుపక్కల తెగల్లో కనిపిస్తుంది. ఆఫ్రికా గుంపులకి తర్వాత ఎల్ అని వచ్చింది. కానీ చెట్టుకి మొదలు ఆ ఎల్ గుంపులే. అందులో ఎల్3 అనే కొమ్మ నుంచి ఎమ్, ఎన్ అని రెండు చీలి ఆఫ్రికా బయటికి వచ్చాయి. ఆఫ్రికా బయట మూలాలున్న తల్లి గీతలు దాదాపు అన్నీ ఆ రెండిటి పిల్లలే, అమెరికాలోని ఐదూ కూడా.

అమెరికాలో ఇంత తక్కువ గుంపులే ఉండడానికి కారణం దారి. ఆసియా నుంచి బెరింజియా అనే నేల మీదుగా, అంటే సైబీరియాకీ అలాస్కాకీ మధ్య అప్పట్లో సముద్రమట్టం తగ్గి బయటపడిన నేల మీదుగా వచ్చారు. వచ్చిన వాళ్లు కొద్దిమంది. దాదాపు 16 వేల ఏళ్ల కిందట దక్షిణానికి దిగడం మొదలుపెట్టి, ఆ కొద్దిమంది సంతానమే రెండు ఖండాల మీదా పరుచుకుంది.

ప్రశ్న: మనందరికీ తల్లి ఒక్కతే, ఆఫ్రికాలో ఉండేది, ఆవిడ పేరు ఈవ్ అని విన్నాను. అంటే అప్పట్లో భూమ్మీద ఒక్క స్త్రీయే ఉండేదా?

జవాబు: కాదు. ఆవిడతో పాటు వేలమంది స్త్రీలు ఉన్నారు. వాళ్ల డీఎన్‌ఏ కూడా మనలో ఉంది, కొడుకుల ద్వారానో, కూతుళ్ల కొడుకుల ద్వారానో వచ్చింది. తెగకుండా కూతురి తర్వాత కూతురిగా ఈనాటి దాకా సాగిన గీత మాత్రం ఆవిడ ఒక్కరిదే. ఎవరికైనా కొడుకులే పుడితే ఆ గీత అక్కడితో ఆగిపోతుంది, సంతానం మాత్రం సాగుతుంది. 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ 147 మంది మైటోకాండ్రియాని పోల్చి, చెట్టు మొదలు సుమారు రెండు లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికాలో ఉందని చెప్పారు. ఈవ్ అనే పేరు వల్ల అందరూ అపార్థం చేసుకున్నారు, అది తప్ప ఆ పరిశోధన గట్టిగా నిలబడింది.

ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి స్నేహితుడు డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకున్నాడు. తల్లి వైపు ఏ2 అని వచ్చింది. అప్పటి నుంచి తనని తాను మూలవాసినని చెప్పుకుంటున్నాడు, ఏదో ఒక తెగలో చేరతానంటున్నాడు. చేరొచ్చా?

జవాబు: టెస్ట్ చూపించి చేరలేడు. ఆ అబ్బాయి ఉత్సాహం నాకు అర్థమవుతోంది, తప్పు పట్టను, కానీ ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి.

మొదటిది సైన్స్. ఏ2 అనేది ఒక తెగ పేరు కాదు, పైన చెప్పిన ఏ గుంపులో ఒక కొమ్మ. ఆర్కిటిక్ మంచులో ఉండే ఇన్యూట్‌లలో ఏ2 ఉంది, మధ్య అమెరికాలో చాలా ఎక్కువగా ఉంది, దక్షిణ అమెరికాలోనూ ఉంది. వేల ఏళ్ల కిందటి ఒక తల్లి కూతుళ్లు అన్ని దిక్కులకీ వెళ్లారు, తెగలు, భాషలు, పేర్లు అన్నీ ఆ తర్వాత వచ్చాయి. ఏ2 ఉందంటే ఆ అబ్బాయి పూర్వికుల్లో తల్లి గీత మీద ఉన్న ఒకావిడ అమెరికా మూలవాసి అని మాత్రం చాలా గట్టిగా చెప్పొచ్చు. ఆవిడ ఏ భాష మాట్లాడేదో, ఏ ఊళ్లో ఉండేదో ఆ అక్షరాల్లో ఉండదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించిన వాళ్ల సంతతికి ఇదే బాధ. వాళ్లలో తరచుగా కనిపించే ఎల్2ఏ, ఎల్3ఈ లాంటి గుంపులు ఆఫ్రికాలో ఎన్నో దేశాల్లో, ఎన్నో తెగల్లో ఉన్నాయి, కాబట్టి ఫలానా తెగ మీది అని ఒక్క పేరు చెప్పే కంపెనీ సర్టిఫికెట్‌ని నమ్ముకోవడం మంచిది కాదు. ఎంతో ఆశతో డబ్బు కట్టే వాళ్లకి ఇది ముందే చెప్పాలని నా కోరిక.

రెండోది తెగ అంటే ఏమిటన్నది. 2018లో అమెరికా సెనేటర్ ఎలిజబెత్ వారెన్ తన పూర్వికుల్లో మూలవాసులున్నారని చూపించడానికి డీఎన్‌ఏ ఫలితాల్ని బయటపెట్టినప్పుడు చెరోకీ నేషన్ అనే తెగ అభ్యంతరం చెప్పింది. తెగ పౌరసత్వాన్ని నిర్ణయించడానికి డీఎన్‌ఏ పరీక్ష పనికిరాదన్నది వాళ్ల మాట. చెరోకీ నేషన్‌లో పౌరులు కావాలంటే 1898కీ 1906కీ మధ్య తయారైన డాస్ రోల్స్ అనే జాబితాల్లో ఉన్న ఒక పూర్వికుడికి తామెలా వారసులో కాగితాలతో చూపించాలి. ఒక్కో తెగకి ఒక్కో నియమం ఉంది. అది చట్టం, చుట్టరికం, కలిసి బతికిన చరిత్ర కలిసిన విషయం. వాళ్లలో ఎవరు ఉండాలో వాళ్లే నిర్ణయించుకోవాలి, ల్యాబ్ కాదు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

అయితే తలుపు పూర్తిగా మూసేసినట్టు రాయడం నాకు ఇష్టం లేదు. కరీబియన్ దీవుల మూలవాసులైన టైనో ప్రజలు పూర్తిగా అంతరించిపోయారని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. మేం బతికే ఉన్నాం అని చెప్పుకునే కుటుంబాల మాట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ప్యూర్టోరికోలో తల్లి గీతల లెక్క వచ్చింది, 61 శాతం. 2018లో బహామాస్ దీవుల్లోని ఒక గుహలో దొరికిన, వెయ్యేళ్లకి పైబడిన ఒక స్త్రీ పన్ను నుంచి పూర్తి జీనోమ్, అంటే ఆవిడ మొత్తం డీఎన్‌ఏ, చదివారు. ఈనాటి ప్యూర్టోరికో ప్రజల్లో ఉన్న మూలవాసి భాగం ఆవిడకి దగ్గరి బంధువుల నుంచి వచ్చిందే అని తేలింది. డీఎన్‌ఏ అక్కడ ఎవరినీ తెగలో చేర్చలేదు, కానీ అంతరించిపోయారు అన్న మాట తప్పని చూపించింది. ఆ తేడా చాలా ముఖ్యమైనది.

ప్రశ్న: నాన్న నుంచి మైటోకాండ్రియా అసలు రానే రాదా? వస్తుందని ఎక్కడో చదివాను.

జవాబు: 2018లో మూడు కుటుంబాల్లో నాన్న నుంచి కూడా వచ్చినట్టు ఒక పరిశోధన వెలువడింది, పెద్ద సంచలనం అయింది. తర్వాత చూస్తే, మైటోకాండ్రియా డీఎన్‌ఏ ముక్కలు ఎప్పుడో కేంద్రకంలోకి చేరి అక్కడే ఉండిపోయినవి పరీక్షలో తండ్రివిలా కనిపించి ఉంటాయని వేరే బృందాలు చూపించాయి. పూర్వికుల్ని వెతికే పనికి తల్లి నుంచే అన్న నియమం సరిపోతుంది.

ప్రశ్న: మూలవాసుల్లో జన్యు వైవిధ్యం తక్కువ, కలిసిపోయిన జనంలో ఎక్కువ అని మా పుస్తకంలో ఉంది. వైవిధ్యం తక్కువ అంటే వాళ్లు స్వచ్ఛంగా ఉన్నట్టేనా? (పీజీ విద్యార్థి)

జవాబు: ఆ స్వచ్ఛం అనే మాటని దయచేసి వదిలేయండి. తక్కువ వైవిధ్యం అంటే ఎక్కువ శాతం సందర్భాల్లో అర్థం ఒకటే: చాలా గీతలు పోయాయి.

ఎలా పోతాయో ఊహించుకోండి. ఒక చిన్న ఊళ్లో 50 మంది తల్లులున్నారు, పది రకాల మైటోకాండ్రియా ఉంది. ఒక రకం ఇద్దరి దగ్గరే ఉంది. ఒకావిడకి ఇద్దరూ కొడుకులే, ఇంకొకావిడకి పిల్లలు లేరు. ఒక్క తరంలో ఆ రకం ఆ ఊరి నుంచి శాశ్వతంగా వెళ్లిపోయింది, ఎవరి తప్పూ లేకుండా. జనం పెద్దదైతే ఇలా పోవడం నెమ్మదిగా జరుగుతుంది, చిన్నదైతే వేగంగా జరుగుతుంది. ఇది మామూలుగా జరిగేది. దీని మీద మశూచి, తట్టు, యుద్ధం, బానిసత్వం, నేల లాక్కోవడం వచ్చి పడితే ఏమవుతుంది?

2016లో వచ్చిన ఒక పరిశోధనలో కొలంబస్‌కి ముందు కాలపు అస్థిపంజరాలు, మమ్మీల నుంచి 92 పూర్తి మైటోకాండ్రియా జీనోములు చదివారు, దక్షిణ అమెరికావి. కొన్ని 500 ఏళ్ల కిందటివి, కొన్ని 8,600 ఏళ్ల కిందటివి. వాటిలో ఉన్న ప్రత్యేకమైన గీతల్లో ఒక్కటి కూడా ఈనాటి మనుషుల నుంచి సేకరించిన డేటాలో దొరకలేదు. ఒక్కటి కూడా. ఈనాటి శాంపిళ్లు ఇంకా తక్కువే కాబట్టి ముందుముందు కొన్ని దొరకొచ్చు, అది పరిశోధకులూ ఒప్పుకున్నారు. అయినా యూరప్ వాళ్లు వచ్చిన తర్వాత ఎన్నో తల్లి గీతలు మొత్తంగా తుడిచిపెట్టుకుపోయాయన్నదే వాళ్ల నిర్ణయం. నేను ఆ వ్యాసం చదివిన రోజు ఇంకే పనీ చేయలేకపోయాను. ఒక్కో గీత అంటే వేల ఏళ్లపాటు తల్లి నుంచి కూతురికి ఆగకుండా వచ్చినది కదా.

ఇంకో మాట, మూలవాసులందరిలో వైవిధ్యం తక్కువ అనేదే తప్పు. దక్షిణ ఆఫ్రికాలోని ఖోయ్‌సాన్ ప్రజల్లో కనిపించే ఎల్0డీ గుంపు మానవజాతి తల్లి చెట్టులో అన్నిటికన్నా ముందు చీలిన కొమ్మల్లో ఒకటి. వైవిధ్యం అత్యధికంగా ఉన్నది ఆఫ్రికాలోనే. దక్షిణ ఆఫ్రికాలోనే కలర్డ్ అని పిలిచే మిశ్రమ సంతతి ప్రజలున్నారు, వాళ్లకి ఖోయ్‌సాన్, బాంటూ భాషల వాళ్లు, యూరప్, ఆసియా నుంచి వచ్చిన వాళ్లు అందరూ పూర్వికులే. 2010లో చూస్తే వాళ్ల తల్లి గీతల్లో 60 శాతం పైగా ఖోయ్‌సాన్‌వి. ఖోయ్‌సాన్ భాషలు చాలావరకు మూగబోయాయి, ఆ తల్లుల గీతలు మాత్రం ఈ మిశ్రమ సంతతి దగ్గరే భద్రంగా ఉన్నాయి. కలిసిపోవడం వల్ల మూలవాసుల గుర్తు పోతుందని ఒకవైపు ఏడుస్తారు కదా, ఇక్కడ చూస్తే కలిసిపోయిన వాళ్లే దాన్ని కాపాడారు.

మడగాస్కర్‌ది ఇంకో రకం. ఆఫ్రికా పక్కనే ఉన్న దీవి, కానీ భాష బోర్నియో దీవి భాషలకి చుట్టం, జనంలో ఆఫ్రికా, ఆగ్నేయాసియా రెండూ కలిసి ఉన్నాయి. 2012లో మైటోకాండ్రియా ఆధారంగా లెక్క కడితే, సుమారు 1,200 ఏళ్ల కిందట అక్కడ స్థిరపడిన మొదటి జనంలో ఇండోనేషియా ప్రాంతం నుంచి వచ్చిన ఆడవాళ్లు దాదాపు 30 మంది అయి ఉంటారని తేలింది. ముప్ఫై మంది, ఒకటి రెండు పడవలకి సరిపోయేంత.

ప్రశ్న: సైన్స్ అందరి మంచికే కదా. మరి అమెరికా తెగలు రక్తం ఇవ్వం, ఎముకలు ముట్టుకోనివ్వం అని ఎందుకంత పట్టుదల? మూఢనమ్మకం అనుకోవాలా?

జవాబు: అస్సలు అనుకోకూడదు. ఏం జరిగిందో చెబుతాను, విన్నాక మీరే చెప్పండి.

గ్రాండ్ కాన్యన్ లోతుల్లో హవసుపాయ్ అనే చిన్న తెగ ఉంది. వాళ్లలో షుగర్ వ్యాధి విపరీతంగా ఉండేది. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆ జబ్బు కారణం కనుక్కుంటామని వాళ్ల రక్తం తీసుకున్నారు. జబ్బు తగ్గే దారి దొరుకుతుందని, పిల్లలైనా బాగుంటారని ఆశపడి ఇచ్చారు వాళ్లు. కొన్నేళ్ల తర్వాత, 2003లో, ఆ తెగ మహిళ ఒకరు యూనివర్సిటీలో ఒక ప్రసంగానికి వెళ్తే అక్కడ తెలిసింది, ఆ రక్తంతో స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి మీద, దగ్గరి బంధువుల మధ్య సంతానం మీద, వాళ్ల పూర్వికులు ఆసియా నుంచి ఎలా వలస వచ్చారన్న దాని మీద కూడా పరిశోధనలు చేశారని. ఆ కాన్యన్‌లోనే తాము పుట్టామన్నది వాళ్ల నమ్మకం, ఆ నేల మీద వాళ్ల హక్కుకి కూడా అదే ఆధారం. వీటిలో దేనికీ స్పష్టంగా అనుమతి అడగలేదని వాళ్లు కోర్టుకి వెళ్లారు. 2010లో రాజీ కుదిరింది, ఏడు లక్షల డాలర్లు ఇచ్చారు, మిగిలిన రక్తం శాంపిళ్లు తిరిగి ఇచ్చేశారు. వాళ్ల మనుషులు వచ్చి ఆ శాంపిళ్లని ఇంటికి తీసుకువెళ్లారు. డబ్బుకన్నా అదే వాళ్లకి ముఖ్యం. నవాహో నేషన్ అనే ఇంకో తెగ అయితే 2002లోనే తమ నేల మీద జన్యు పరిశోధనల్ని నిలిపేసింది.

ఎముకల విషయానికొస్తే, 1996లో వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున ఒక అస్థిపంజరం దొరికింది, దాదాపు 8,500 ఏళ్ల నాటిది. కెనెవిక్ మనిషి అని పేరుపెట్టారు. ఇతను మా పూర్వికుడు, మాకిస్తే పూడ్చుకుంటామని అక్కడి తెగలు అడిగాయి. కాదు, పుర్రె ఆకారం చూస్తే మీవాడిలా లేడు అని కొందరు శాస్త్రవేత్తలు కోర్టుకెళ్లారు. దాదాపు 20 ఏళ్లు నడిచింది. 2015లో డీఎన్‌ఏ చదివితే తల్లి గీత ఎక్స్2ఏ, అమెరికా మూలవాసులదే, మొత్తం జీనోమ్ కూడా వాళ్లకే దగ్గర. 2017లో తెగలవాళ్లు ఆయన్ని మళ్లీ భూమిలో పెట్టారు. తెగలు మొదటి రోజు నుంచీ చెప్పింది అదే. వాళ్ల మాట వినడానికి మనకి 20 ఏళ్లూ, ఒక సీక్వెన్సింగ్ మిషనూ కావలసి వచ్చింది. మోంటానాలో దొరికిన, 12,600 ఏళ్ల కిందటి పసిబిడ్డ విషయంలో పద్ధతి కొంత మెరుగైంది, జీనోమ్ చదివాక తెగలతో మాట్లాడారు, 2014లోనే బిడ్డని తిరిగి పూడ్చారు.

కాబట్టి ఇప్పుడు మంచి బృందాలు ముందు వెళ్లి కూర్చుని అడుగుతున్నాయి, దేనికి వాడతామో రాసిస్తున్నాయి, తెగ వద్దంటే ఆపేస్తున్నాయి. దీనివల్ల పరిశోధన ఆలస్యమవుతుంది, అవనివ్వండి.

ప్రశ్న: పూర్వికుల ముచ్చట సరే, దీనివల్ల ఒక్క మనిషికైనా ఉపయోగం జరిగిందా?

జవాబు: జరిగింది. ఆరోగ్యం సంగతి ఒక ఉదాహరణ చెప్పి వదిలేస్తాను: మైటోకాండ్రియాలో 1555వ స్థానంలో ఒక అక్షరం మారిన వాళ్లకి స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ లాంటి మందులతో వినికిడి పోయే ప్రమాదం ఉంది. అది తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది. ఒక్కరిలో బయటపడితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిన్ని పిల్లలు అందరికీ డాక్టరు జాగ్రత్త చెప్పొచ్చు.

నేను ఎక్కువగా చెప్పాలనుకునేది మాత్రం అర్జెంటీనా సంగతి. 1976 నుంచి 1983 దాకా అక్కడ సైనిక పాలన. ప్రభుత్వాన్ని వ్యతిరేకించిన యువతీయువకుల్ని ఎత్తుకుపోయేవాళ్లు, వాళ్లు తిరిగి వచ్చేవాళ్లు కాదు. ఎత్తుకుపోయిన వాళ్లలో గర్భిణులు ఉన్నారు. వాళ్లకి బందిఖానాలో పుట్టిన బిడ్డల్ని, తల్లులతో పాటు పట్టుకుపోయిన పసిపిల్లల్ని వేరేవాళ్లకి, చాలాసార్లు సైన్యంతో సంబంధమున్న వాళ్లకే, ఇచ్చేసి కొత్త పేర్లు పెట్టించారు. అలాంటి పిల్లలు సుమారు 500 మంది అని అమ్మమ్మలూ నానమ్మలూ లెక్క చెబుతారు. 1977లో వాళ్లే ఒక సంఘం పెట్టుకున్నారు, ప్లాసా దె మాయో నానమ్మల సంఘం. వాళ్ల ప్రశ్న ఇది: బిడ్డ తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు, శవాలు కూడా లేవు, మరి ఈ బిడ్డ నా మనవరాలే అని మా రక్తంతో నిరూపించగలరా?

ఆ ప్రశ్న అమెరికాలో జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ దాకా వెళ్లింది. 1984 నుంచి ఆవిడ వాళ్లతో పనిచేశారు. మొదట తెల్ల రక్తకణాల మీద ఉండే గుర్తులతో చూశారు, తర్వాత మైటోకాండ్రియా డీఎన్‌ఏ చదవడం మొదలుపెట్టారు. ఎందుకంటే అమ్మమ్మ ఒక్కరు చాలు. మధ్యలో తల్లి లేకపోయినా, అమ్మమ్మకీ మనవరాలికీ అదే వరుస ఉంటుంది. అమ్మమ్మ కూడా లేకపోతే పెద్దమ్మో పిన్నో మేనమామో చాలు. దీనికి ఇంకో కారణం ఈ సంచికలో మనం మాట్లాడుకుంటున్నదే, అర్జెంటీనాలో తల్లి గీతలు యూరప్‌వి, మూలవాసులవి, ఆఫ్రికావి బాగా కలిసి ఉన్నాయి, వైవిధ్యం ఎక్కువ, కాబట్టి ఇద్దరు సంబంధం లేని మనుషులకి ఒకే వరుస ఉండే అవకాశం తక్కువ. 1987లో ఆ దేశం చట్టం చేసి జాతీయ జన్యు డేటా బ్యాంకు పెట్టింది. చనిపోయేలోగా మనవడు దొరక్కపోతే ఎలా అని ముసలివాళ్లు తమ రక్తాన్ని అందులో దాచిపెట్టారు. ఇప్పటిదాకా 130 మందికి పైగా మనవలు, మనవరాళ్లు తామెవరో తెలుసుకున్నారు. ఇంకా వెతుకుతున్నారు.

ప్రశ్న: నాకు మా నానమ్మ అంటే ప్రాణం. ఆవిడ పోయి పదేళ్లయింది. ఆవిడ తల్లి తరఫు గీత తెలుసుకోవాలని ఉంది. నేను టెస్ట్ చేయించుకుంటే తెలుస్తుందా? నేను ఆడపిల్లని.

జవాబు: మీది చేయిస్తే తెలియదమ్మా, అది మీ అమ్మమ్మ గీత. నానమ్మది మీ నాన్నగారి దగ్గర ఉంది, ఆయనతోనే ఆగిపోతుంది. ఆయన లేకపోతే మీ బాబాయి, పెదనాన్న ఎవరిదైనా సరే. వాళ్లూ లేకపోతే మేనత్త, ఆవిడా లేకపోతే మేనత్త పిల్లలు, కొడుకైనా కూతురైనా పనికొస్తారు. మేనత్త కూతురికి కూతురుంటే నానమ్మ గీత ఆ పాప దగ్గర ఉన్నట్టే. పెద్దవాళ్లని అడిగేటప్పుడు ఎందుకు అడుగుతున్నారో చెప్పి, వాళ్లు సరేనన్నాకే శాంపిల్ తీసుకోండి.